ఆరు చుక్కలు

తప్పు నిస్సీది. అందులో రెండో మాట లేదు. పని రాని పిల్లను తెచ్చి పనివాడి పక్కన కూర్చోబెడితే జరిగేది ఇదే. ఒక రైతు వీపు కాలింది. ముప్పై ఏళ్లుగా బ్యాటరీల మీద బతికినవాడి పేరు బజారున పడబోయి ఆగింది.

రాఘవయ్య ఇలా తేల్చుకుని మూడు రోజులైంది. ఒకసారి తేల్చుకున్నదాన్ని తిరగేసి చూసే అలవాటు ఆయనకు లేదు. భార్య దినానికి రాని తోడల్లుడితో ఆరేళ్లయినా మాట్లాడడు. ఎదురుపడితే రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాడు.

సోమవారం పొద్దున శావల్యాపురం రైతు బ్రహ్మానందం షాపులోకి వచ్చాడు. నరసరావుపేట బస్టాండు వెనక సందులో ఉంది ఆ బ్యాటరీ షాపు. వచ్చిన మనిషి ఒంటి మీద చొక్కా లేదు. వీపంతా కట్టు, దాని మీద కండువా. చేతిలోని యూరియా గోతాన్ని కౌంటరు మీద బోర్లించాడు. నల్లటి ప్లాస్టిక్కు ముద్ద ఒకటి దొర్లిపడింది. వీపుకు తగిలించుకుని మందు కొట్టే పంపు అడుగు భాగం అది. బ్యాటరీ ఉండే అర కరిగిపోయి, లోపలి సెల్లులు పుచ్చుపళ్లలా బయటికి తేలాయి. కాలిన కంపు, దాని మీద పురుగుమందు కంపు.

"మిరపతోటలో నాలుగో సాలు కొడతన్నా" అన్నాడు బ్రహ్మానందం. "నడుం ఎచ్చబడింది. ఎండేమోలే అనుకున్నా. సుయ్యిమని చప్పుడైంది. పట్టెడలు ఊడదీసే లోపల వీపు కాలింది. ఎవురయ్యా దీన్ని చేసింది?"

యజమాని శ్రీనివాసరావు రాఘవయ్య వైపు చూశాడు. రాఘవయ్య లేవలేదు. కూర్చున్న చోటి నుంచే మెడ సాచాడు. మసి. మసిలో ఏం కనపడుతుంది? అయినా చెప్పాడు.

"నా చేతి పని కాదు."

షాపులో బ్యాటరీలు కట్టేవాళ్లు ఇద్దరే. ఇక వేరే ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

నిస్సీ బల్ల దగ్గర నుంచి లేచి వచ్చింది. ఐటీఐ చదివి నాలుగు నెలల కిందట చేరిన పిల్ల. ముద్ద మీదికి వంగి, పట్టకారుతో ఒక పక్కకు తిప్పి, గోటితో మసి గీకింది. గీకిన చోట చానాసేపు చూసింది. తలెత్తి రాఘవయ్యను చూసింది. నోరు తెరిచింది.

"ఏంది చూసేది? చేసేటప్పుడు చూసుకోవాల" అన్నాడు శ్రీనివాసరావు. "రేపట్నుంచి రాబాక."

ఆ పిల్ల పట్టకారు, చిన్న కత్తెర, అన్నం డబ్బా సంచిలో వేసుకుంది. పోతూ పోతూ తన సొరుగులోంచి ఒక పొట్లం తీసి రాఘవయ్య బల్ల మీద పెట్టింది.

"రింగులు వచ్చినయ్ బాబాయ్" అంది. అంతే. చెప్పులేసుకుని పోయింది.

ఎంత గీర, అనుకున్నాడు రాఘవయ్య. ఏ వరసన బాబాయి? రోడ్డవతల చర్చి కాలనీ పిల్ల. చేరిన మొదటి రోజు ఆయన బల్ల మీద అన్నం డబ్బా పెడితే, "నీ డబ్బా ఆ మూల స్టూలు మీద పెట్టుకో" అన్నాడు. నాలుగు నెలలూ ఆ స్టూలు మీదే తింది. బాబాయ్ అనడం మాత్రం మానలేదు.

గురువారం దాకా రాఘవయ్య ఒక్కడే పని చేశాడు. హాయిగా ఉందనుకున్నాడు.

పని చిన్నదే, చెయ్యి కుదరాలి. బొటనవేలంత లావు సెల్లులు పన్నెండు, నాలుగేసి చొప్పున మూడు వరసలు. వాటి తలలనూ అడుగులనూ నికెల్ పట్టీతో కలపాలి. టంకం పెడితే వేడికి సెల్లు పాడవుతుంది. అందుకని స్పాట్ వెల్డరు. అరచేతిలో ఇమిడే డబ్బా, దాని నుంచి తీగతో వేలాడే పెన్ను, పెన్ను కొసన రెండు రాగి సూదులు. సూదులు పట్టీ మీద ఆనించి అదిమితే అర క్షణం ఆగి టక్కుమంటుంది. రెండు చుక్కలు పడతాయి. చుక్క కింద పట్టీ సెల్లుకు కరుచుకుంటుంది. పట్టుకుని పీకితే పట్టీ చిరగాలి గాని ఊడకూడదు.

రాఘవయ్య కుడి చూపుడువేలి కొసను ఎప్పుడో పాత బ్యాటరీల యాసిడ్ తినేసింది. ఎడమ చేత్తో పెన్ను పడతాడు. ఒక్కో సెల్లుకు మూడు పోట్లు పొడుస్తాడు. రెండు చాలు, మూడోది తన తృప్తికి. ఆరు చుక్కలూ ఎడమకు వాలి, గాలికి వంగిన జొన్నకంకుల్లా ఉంటాయి. నిస్సీవి నాలుగే. పచ్చీసు గళ్లు గీసినట్టు నిటారుగా, చదరంగా.

"మూడోది ఎందుకు బాబాయ్? రెండు చాలుగా" అందొకసారి.

"నేను బ్యాటరీలు కట్టేనాటికి మీ అమ్మకింకా పెళ్లికాలా" అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వు కూడా నచ్చలేదు ఆయనకు.

గురువారం మధ్యాహ్నం శ్రీనివాసరావు ఆ యూరియా గోతాన్ని తెచ్చి బల్ల కింద పడేశాడు.

"మావా, దాంట్లో ఒక వరస సెల్లులు బాగానే ఉన్నట్టున్నయ్. ఓల్టేజీ చూసి పనికొచ్చేవి పక్కన బెట్టు. టార్చిలైట్లకి ఏద్దాం."

రాఘవయ్య ఆయన మొహంలోకి చూశాడు. మనిషి వీపు కాల్చిన సెల్లులు. వాటిని కడిగి ఇంకొకడి చేతిలో పెడతాడట. కాకి కూడా తన పిల్ల కాలిన కొమ్మ మీద వాలదు. కానీ ఈ షాపులో ఏమీ అనకుండా ఉండటం ఆయనకు అలవాటే. గోతం విప్పాడు.

కత్తితో కరిగిన ప్లాస్టిక్కు చెక్కేశాడు. నీలం రంగు పైతొడుగు పెచ్చులుగా లేచింది. పట్టీ మీద మసి గట్టిగా పట్టుకుని ఉంది. పాత బ్రష్షుతో రుద్దాడు. ఒక చోట అప్పటికే శుభ్రంగా ఉంది. నిస్సీ గోటితో గీకిన చోటది.

ఆరు చుక్కలు. ఎడమకు వాలి ఉన్నాయి.

బ్రష్షు పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. పక్క సెల్లు రుద్దాడు. ఆరు. దాని పక్కది. ఆరు. ఇక రుద్దలేదు.

పట్టీని పట్టకారుతో లేపాడు. సెల్లు నెత్తి మీది బొడిపె ప్లస్సు. దాని చుట్టూ ఉన్న అంచు మైనస్సు. ఆ రెంటికీ నడుమ ఉండేది ఉల్లిపొరంత ప్లాస్టిక్కు. అందుకే బొడిపె చుట్టూ జిగురు కాగితపు రింగు అంటించి, దాని మీదుగా పట్టీ వేస్తారు. రింగు లేకపోతే పంపు అదురుకు ఆ పొర అరుగుతుంది. అరిగిన రోజు పట్టీ వెళ్లి అంచుకు తగులుతుంది. అంతే, మంట.

సెల్లు నెత్తి మీద రింగు లేదు. రింగు కాలిన బూడిద కూడా లేదు.

రాఘవయ్యకు గుర్తురావడానికి ఎంతోసేపు పట్టలేదు. కోటప్పకొండ తిరునాళ్లకు షాపు మూసే ముందురోజు. పది ప్యాకులు ఆ పూటే పోవాలి. రింగుల పొట్లం అయిపోయింది. కొత్తది తెప్పించమని నిస్సీ వారం నుంచి చెబుతున్నా శ్రీనివాసరావు తెప్పించలేదు.

"రింగుల్లేకుండా వద్దు బాబాయ్. తిరునాళ్ల తర్వాత చేద్దాం."

"బొట్టుబిళ్లలు అంటించకపోతే బ్యాటరీ పనిచెయ్యదా? సెల్లుకి తోలు లేదూ?"

ఆ పిల్ల తన వంతు పక్కకు నెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. పదీ ఆయనే కట్టాడు. సాయంత్రానికి పూర్తిచేసి, చూశావా అన్నట్టు ఆ పిల్ల వైపు చూశాడు కూడా.

పది. బ్రహ్మానందానిది ఒకటి. మిగతా తొమ్మిదీ ఎవరి వీపుల మీదున్నాయో.

రాఘవయ్య బాత్రూంలోకి పోయి చేతులు కడుక్కున్నాడు. మసి పోలేదు. సబ్బు వేసి మళ్లీ కడిగాడు. గోళ్లలో ఉండిపోయింది.

సాయంత్రం షట్టరు దించే ముందు శ్రీనివాసరావు దగ్గరికి వెళ్లాడు.

"అబ్బాయ్, ఆ శావల్యాపురం ప్యాకు..."

"ఆఁ, ఎన్ని పనికొచ్చినయ్?"

"పనికొచ్చేవి లేవు. అది చేసింది..."

శ్రీనివాసరావు చెయ్యెత్తి ఆపాడు. ఆయన కళ్లు గోతం మీద ఒకసారి ఆగి, రాఘవయ్య ఎడమ చేతి మీదికి వచ్చి, గోడ మీది దేవుడి పటం మీదికి పోయాయి.

"మావా, ఎవరు చేస్తే ఏంది? పోయిన పిల్ల పోయింది. గొడవ దాంతో పోయింది. బ్రహ్మానందానికి ఆస్పత్రి ఖర్చు నేను పెట్టుకుంటన్నా. ఇప్పుడు నువ్వు కొత్తగా ఏదో చెప్పి ఊళ్లన్నీ లేపుతావా?"

"ఇంకో తొమ్మిది ఉన్నయ్."

"తొమ్మిదీ కాలతయ్యా ఏంది? నీకు నిద్ర తక్కువైంది. పో, పొయ్యి పడుకో."

రాఘవయ్యకు గుండె మీది బరువు దిగినట్టయింది. అంతలోనే, దిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది. పాచిపోయిన కూర వాసన చూసినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ రాత్రి అన్నం వండుకోలేదు.

శుక్రవారం పొద్దున్నే చర్చి కాలనీకి పోయాడు. ముప్పై ఏళ్లలో ఆ రోడ్డు దాటడం అదే మొదలు. నిస్సీ ఇంటికి తాళం ఉంది. తల్లీకూతుళ్లు మిరపకాయల గోదాములో తొడాలు తుంచే పనికి పోయారని పక్కింటి ముసలమ్మ చెప్పింది.

గోదాము పావు మైలు ఉండగానే ఘాటు ముక్కుకు తగిలింది. రేకుల షెడ్డు కింద ఎర్రటి రాశులు. వాటి చుట్టూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఆడవాళ్లు కూర్చున్నారు. కాయను తీసుకోవడం, తొడిమ తుంచడం, కాయ ఈ పక్క, తొడిమ ఆ పక్క. దగ్గు. మళ్లీ కాయ.

నిస్సీ తన తల్లి పాపమ్మ పక్కన కూర్చుని ఉంది. సూది మొన పడాల్సిన చోటునే పొడిచే ఆ చేతివేళ్లు కొసల దాకా ఉబ్బి, ఎర్రగా ఉన్నాయి. రాఘవయ్యను చూసి పని ఆపలేదు.

ఆయనకు దగ్గు తెర వచ్చింది. తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ రోజు గీకి చూశావుగా" అన్నాడు.

"చూశా."

"మరి చెప్పలేదేం?"

"చెప్పబోయా. మీరు నా మొహం చూస్తన్నారా అని చూశా. గోడకేసి చూస్తన్నారు."

పాపమ్మ గుడ్డ కిందికి లాగి అంది. "ఏమయ్యా పెద్దమనిషీ, నా బిడ్డకి పని పోగొట్టి సాలక, ఈడకి కూడా వచ్చావా?"

"నువ్వుండమ్మా" అంది నిస్సీ.

"ఇంకో తొమ్మిది ఉన్నయ్" అన్నాడు రాఘవయ్య. శ్రీనివాసరావుతో అన్న మాటే. "ఎవరెవరు కొన్నారో షాపులో కాగితాలు..."

"వారంటీ కార్డులు రాసింది నేనేగా, రాఘవయ్య గారూ. నంబర్లు నా ఫోన్లో ఉన్నయ్. సోమవారం సాయంత్రమే అందరికీ చేశా."

రాఘవయ్య గారూ. బాబాయ్ కాదు. ఆ పిలుపు మారడం ఆయనకు తెలిసింది.

"ఏమని చెప్పావు?"

నిస్సీ చేతిలోని కాయ తొడిమ తుంచి రాశిలో వేసింది.

"నేను చేసినయ్యి, నాకు పని సరిగా రాలేదు, వాడొద్దు, తెచ్చియ్యండి అన్నా."

"నువ్వు చేశానన్నావా?"

"ముప్పై ఏళ్ల పనోడు చేసింది బాగాలేదని నేను చెబితే ఎవరు తెస్తారు? పిల్ల చేసింది బాగాలేదంటే మాత్రం నా మాట పూర్తికాకముందే నమ్మారు. ఏడు ఇంటికొచ్చినయ్. తీగలు కత్తిరించి, అంటుకోకుండా ఇసుక పోసిన బొచ్చెలో పెట్టా. రెండు రాలా. రొంపిచర్లామె ఎవర్నన్నా పంపితే ఇస్తానంది. నకరికల్లు ఆయన ఫోనెత్తట్లా. నాకు ఇక్కడ పని వదిలితే కూలి పోద్ది. మీరెళ్లి తెచ్చుకోండి."

రాఘవయ్య తువ్వాలును మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

"షాపుకి రా. శ్రీనివాసరావుతో నేను చెప్తా."

"ఏమని చెప్తారు?"

ఆయన నోరు తెరిచాడు. షెడ్డులో ఎవరో గట్టిగా దగ్గారు. అరడజను మంది ఆడవాళ్లు చేతులు ఆపి ఆయన వంకే చూస్తున్నారు.

"ఇక్కడ చెప్పండి చాలు. వీళ్ల ముందు. మా అమ్మ ముందు" అంది నిస్సీ.

రాఘవయ్యకు కళ్లు మండాయి. మిరప ఘాటు. ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నా ఆ మాట బయటికి రాలేదు. ఎవరి పేరైనా చెప్పగలిగే నాలుకకు సొంత పేరు చేదైంది.

నిస్సీ ఇంకో కాయ తీసుకుంది. "తాళంచెవి పక్కింటి మామ్మ దగ్గరుంది. బొచ్చె తీస్కపోండి. బొచ్చె మాది, మళ్లీ తెచ్చియ్యండి."

రొంపిచర్లలో ప్యాకు మహాలక్ష్మి అనే రైతమ్మ దగ్గరుంది. పాలచెంబు చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది.

"ఆ పిల్ల ఫోన్ చేసింది. నేనే పాడు జేశానంది. చెప్పడానికి సిగ్గుండాలగా! ఇట్టాంటోళ్లని పన్లో ఎట్టా పెట్టుకుంటారయ్యా మీరు? నువ్వన్నా పెద్దోడివి, పక్కనుండి నేర్పకూడదా?"

"ఇటివ్వమ్మా" అన్నాడు రాఘవయ్య.

బస్సులో కూర్చుని ప్యాకును ఒళ్లో పెట్టుకున్నాడు. అర మైలు పోయాక తీసి పక్క సీటు మీద పెట్టాడు. ఇంకాసేపటికి పాదాల మధ్య కింద పెట్టి, కాళ్లు పైకి ముడుచుకున్నాడు. తను కట్టినదే. తన పొట్ట దగ్గర పెట్టుకోవడానికి తనకే ధైర్యం లేదు. దాన్ని ఎవరి వీపుకో తగిలించి నిద్రపోయిన మనిషి తను.

నకరికల్లులో కృష్ణచైతన్య ఇంట్లో లేడు. చేనుకు పోయాడన్నారు. ఫోను ఇంట్లోనే పెట్టి పోతాడన్నారు. రాఘవయ్య గట్ల వెంట దాదాపు పరిగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు మొరాయించాయి. మిరపసాళ్ల మధ్య ఒక కుర్ర రైతు, వీపు మీద పచ్చ పంపు. మందు తెరలుగా పడుతోంది.

"ఒరేయ్ అబ్బాయ్! దించు! పంపు దించు!"

అతను వెనక్కి తిరిగి వింతగా చూశాడు. రాఘవయ్య సాళ్లు తొక్కుకుంటూ పోయి పంపు అడుగున అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. ఎండ వెచ్చదనం కాదది. తనే పట్టెడ ఊడదీసి, పంపును గట్టు మీదికి లాగి, మూత విప్పి, కత్తెరతో తీగ తెంపాడు.

"ఏందయ్యా ఇది? నడుం కొంచెం కాక తగుల్తన్న మాట నిజమే. ఏమైందసలు?"

"లోపల తేడా ఉంది. బాగు చేసి పంపిస్తా."

"ఎవురు చేశారు దీన్ని?"

చేలో మూడో మనిషి లేడు. కాకి అయినా లేదు. చెబితే వినేవాడు ఈ ఒక్కడే.

"షాపోళ్లు" అన్నాడు రాఘవయ్య.

శనాదివారాలు తొమ్మిదింటినీ విప్పి కట్టాడు. పాత పట్టీలు పీకితే సెల్లుల మీద గాట్లు మిగిలాయి. గాటు పడిన సెల్లులు పారేసి కొత్తవి పెట్టాడు. నిస్సీ వదిలిపోయిన పొట్లంలోంచి రింగులు తీసి, ఒక్కోదాన్నీ బొడిపె చుట్టూ అంటించి బొటనవేలితో అదిమాడు. శ్రీనివాసరావు చూశాడు, ఏమీ అడగలేదు. అడగని మాటకు జవాబు చెప్పే పని లేదు గనక ఇద్దరికీ సుఖంగానే ఉంది. సోమవారం రాఘవయ్య బొచ్చెను కడిగి, కాలనీకి తీసుకుపోయి, తాళం వేసిన గుమ్మం ముందు బోర్లించి వచ్చాడు. గోదాము వైపు పోలేదు.

నెల దాటాక బ్రహ్మానందం వచ్చాడు. ఈసారి చొక్కా వేసుకుని ఉన్నాడు. కొత్త ప్యాకు కావాలన్నాడు. మూలనున్న స్టూలు లాక్కుని రాఘవయ్య బల్ల పక్కనే కూర్చున్నాడు.

"నీ చేత్తోనే కట్టు రాఘవయ్యా. ఇంకొకళ్లని తాకనియ్యబాక."

రాఘవయ్య తల ఊపి పెన్ను అందుకున్నాడు. రింగు, పట్టీ. టక్. టక్. నాలుగు చుక్కలు. చెయ్యి మూడో పోటుకు లేచింది. ఆపాడు. నెల నుంచి అలాగే ఆపుతున్నాడు. చుక్కలు వాలకుండా మణికట్టును బల్లకు ఆనించి, నిటారుగా, చదరంగా వేస్తున్నాడు. ఇప్పుడు ఆ షాపులో కట్టిన ఏ ప్యాకు విప్పినా నాలుగు చుక్కలే. ఎవరి చెయ్యో ఎవరూ చెప్పలేరు.

"ఆ పిల్ల తొడాలు తీస్తందంటగా" అన్నాడు బ్రహ్మానందం. "రెండు మూడు షాపులు తిరిగిందంట, ఎవురూ పెట్టుకోలా. ఫోన్లు జేసి తన నోటితోనే ఒప్పుకున్నాక ఎవురు పెట్టుకుంటారు? మంచిపనయింది. నువ్వేమంటావు?"

పెన్ను ఆగింది. రాగి సూదులు పట్టీకి వెంట్రుకవాసి ఎత్తున నిలిచాయి. షట్టరు దగ్గర ఫోన్లో మాట్లాడుతున్న శ్రీనివాసరావు మాట ఆపి ఇటు చూశాడు.

"బ్రహ్మానందం" అన్నాడు రాఘవయ్య తల ఎత్తకుండా. "ఆ సంగతి నా దగ్గర ఎత్తబాక. ఇయ్యాల కాదు, ఎప్పటికీ ఎత్తబాక."

బ్రహ్మానందం నాలుక కరుచుకున్నాడు. పెద్దాయనకు ఆ పిల్ల మీద కోపం ఇంకా చల్లారలేదు, పనంటే అంత పట్టింపు మరి, అనుకున్నాడు. బయటికి పోయాక నలుగురికీ అదే మాట చెప్పాడు. ఆ తర్వాత ఆ షాపుకు వచ్చేవాళ్లెవరూ నిస్సీ పేరు ఆయన ముందు ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.